కిటికీ కింది కుర్చీ

ఆమ్‌స్టర్‌డామ్ మునిసిపాలిటీలో కూలీల ఇళ్లకు నక్షాలు గీసే హెర్బెన్‌కి జేబులో మడత కొలబద్ద, ముఖంలో చిరాకు ఎప్పుడూ ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినప్పటినుంచి పదేళ్లలో తొమ్మిది వందల ఇళ్లు గీశాడు. అన్నింటికీ కిటికీలు కళ్లకన్నా ఎత్తునే పెట్టాడు. వెలుతురు రావాలి కానీ, ఆడవాళ్లు వీధిలోకి వేలాడుతూ కబుర్లాడకూడదని ఆయన పట్టుదల. ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా కిటికీ కింద కుర్చీ కనిపిస్తుంది. పళ్లు నూరుతూ దాన్ని పక్కకు నెడతాడు. ఆయన మెట్లు దిగేసరికి అది మళ్లీ అక్కడికే చేరుతుంది.

మొన్న మూడో అంతస్తులో నేల్ అనే ముసలమ్మ అలాంటి కుర్చీ మీంచే పడి కాలు విరగ్గొట్టుకుంది. చూడబోయిన హెర్బెన్ కుర్చీని గోడవారకు నెట్టి, మంచం పక్కనే కోప్పడ్డాడు.

"ఈ వయసులో ఎక్కడం దేనికమ్మా? వెలుతురు చాలదా?"

"వెలుతురుతో కబుర్లాడనా నాయనా? కిటికీ ఒక్క మూరెడు కిందికి దించితే నీ సొమ్మేం పోయింది?"

ఇంతలో వీధిలో ఏదో దభాలున పడింది. జనం గొల్లున నవ్వారు. హెర్బెన్ మునివేళ్ల మీద లేచి మెడ సాచాడు. ఆకాశమే కనిపించింది. కుర్చీ లాక్కుని ఎక్కి, కిటికీ తెరిచాడు.

"చేపల బండి బోల్తా పడింది."

"బార్త్‌దేనా? వాడి పెళ్లాం తిడుతోందా?"

"ఉండమ్మా, సరిగ్గా వినపడట్లేదు," అంటూ హెర్బెన్ సగం ఒళ్లు వీధిలోకి వేలాడేశాడు.