లచ్చయ్య కర్ర, ఓంప్రకాశ్ జట్టు

మందమర్రి కార్మికుల కాలనీలో లచ్చయ్య కర్ర తగలని వస్తువు ఒక్కటీ లేదు. దేన్నయినా సరే కర్రతో తట్టి, చెవి పెట్టి విని, 'గట్టి' అనో 'బోలు' అనో తేల్చేస్తేగానీ ఆయన ప్రాణం కుదుటపడదు. మూడో మాట ఆయన దగ్గర లేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు బొగ్గుగనిలో సర్దారుగా చేశాడాయన. షిఫ్టులో అందరికంటే ముందు దిగి, నెత్తి మీది రాతి కప్పును కర్రతో కొట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో ఊడిపడుతుందో చెప్పడం ఆయన పని. రిటైరైన రోజు శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు, కర్రను వెనక్కి తీసుకోవడం మాత్రం మరిచిపోయారు. కాలనీ కష్టాలు ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

పుచ్చకాయను తట్టి చూడటం అందరూ చేసేదే. లచ్చయ్య మంచాలను తట్టాడు, నీళ్ల ట్యాంకులను తట్టాడు, పక్కింటి కోమల కొత్త ఫ్రిజ్జును తట్టాడు. ఆ కోమలను చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకు హెల్మెట్‌ను, అది ఇంకా అతని నెత్తి మీద ఉండగానే తట్టి 'బోలు' అన్నాడు. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

"మా ఇంట్ల సొట్ట లేని గిన్నె లేదు బిడ్డా. పెండ్లైన కొత్తల నన్ను సుత తట్టిండు" అని చెప్పేది ఆయన భార్య భూమవ్వ.

"ఏమన్నడు అవ్వా?"

"గట్టి అన్నడు. గందుకే ఇన్నేండ్లు ఉన్న."

ఇలాంటి కాలనీలోని ఫుట్‌బాల్ క్లబ్బుకు మేనేజరుగా వచ్చాడు కరీంనగర్ ఓంప్రకాశ్. నెలనెలా జీతాలిచ్చి ఆడించే జట్టు అది. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది పూర్తిగా ఆయన ఇష్టం. నిర్ణయం జరిగిన ప్రతిసారీ ఆటగాడి పేరు కాగితం మీద రాసి గ్రౌండు గేటు పక్కన బోర్డుకు అంటించేవారు. జిగురు ఆరకముందే లచ్చయ్య హాజరు. రెండు రోజులు ఫెన్సింగ్ పట్టుకుని ప్రాక్టీసు చూసి ఉంటాడు కాబట్టి తీర్పు అప్పటికే సిద్ధం. అయినా పేరు మీద టక్కుమని కొట్టి, చెవి ఆనించి వినందే చెప్పడు. వెనకాల యాభైమంది ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

మొదటిసారే ఓంప్రకాశ్ అడ్డం పడ్డాడు. "కాకా, అది ప్లైవుడ్ బోర్డు. యాడ కొట్టినా బోలే వస్తది."

"మరి సంపత్ పేరు మీద గట్టి వచ్చింది గద సారు."

"ఆడ ఎనక మేకు ఉంది."

"సంపత్ సుత గసొంటోడే" అని లచ్చయ్య వెళ్లిపోయాడు. సంపత్ నిజంగానే సీజన్ మొత్తం గోల్సు కొట్టాడనుకోండి, అది వేరే సంగతి.

మంచి చేసుకుందామని ఓంప్రకాశ్ ఓసారి ఆయన్ని ఆఫీసుకు పిలిచి చాయ్ ఇప్పించాడు. లచ్చయ్య చాయ్ తాగి, మేనేజరు కూర్చున్న కుర్చీని తట్టి, "కుర్చీ గట్టిదే సారు" అని లేచాడు. మిగతా సగం చెప్పకుండా పోయాడేమోనని ఓంప్రకాశ్ వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత సిరిసిల్ల నుంచి అరుణ్ అనే డిఫెండర్‌ను తెచ్చాడు. టక్. "బోలు." అన్నట్టుగానే అరుణ్ మొదటి రెండు ఆటలూ నిలబడి కునుకు తీశాడు. ఆ తర్వాత లక్సెట్టిపేట నుంచి నరేశ్ అనే గోల్‌కీపర్‌ను తెచ్చాడు. నరేశ్ ఆరేళ్లు దుబాయిలో తాపీపని చేస్తూ, శుక్రవారం శుక్రవారం లేబర్ క్యాంపు జట్టుకు గోలు కాసినవాడు. ఆ ఆటను ఫోనులో చూసి ఓంప్రకాశ్ మనసు పారేసుకున్నాడు. టక్, టక్. "బోలు. రెండుమాట్ల కొట్టి చూసిన సారు." తొలి ఆటలోనే నరేశ్ నాలుగు గోల్సు వదిలాడు.

క్లబ్బు అధ్యక్షుడు అంజన్న ఆఫీసుకు వచ్చి తలుపు వేశాడు. "ఓంప్రకాశ్, నువ్వు తెచ్చింది గోల్‌కీపర్‌నా, గేటు తెరిచేటోన్నా? లీగుల అందరికన్న కింద ఉన్నం. జట్టు కింది లీగుకు జారిందనుకో, నీ జాగల ఇంకోడు కూసుంటడు."

ఓంప్రకాశ్ చదువుకున్న మనిషి. అందుకే కూర్చుని ఆలోచించి, ఎంతో కష్టపడి ఒక తప్పు సిద్ధాంతం కనిపెట్టాడు. లచ్చయ్య బోలు అన్న అరుణ్ మూడో ఆట నుంచి పులి అయ్యాడు. ఇంకా ముందు బోలు అనిపించుకున్న ఇద్దరూ ఇప్పుడు బంతిని వదలడం లేదు. నరేశ్ కూడా నాలుగు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగాడు. అంటే ఏమిటి? గని పేలుళ్లకు ముసలాయన చెవి చెడిపోయింది. ఆయన ఏది చెబితే దానికి తలకిందులుగా జరుగుతోంది.

ఆ రోజు నుంచి ఓంప్రకాశ్ కొత్త పేరు అంటించి, ఆఫీసు కిటికీ చాటున నిలబడేవాడు. 'బోలు' అని వినిపిస్తే చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేయించుకునేవాడు. 'గట్టి' అని వినిపిస్తే పరేషాన్. జట్టు మాత్రం మెల్లమెల్లగా ఒక్కో మెట్టు ఎక్కి, ఆఖరి ఆట దాకా వచ్చింది. అది గెలిస్తే లీగులో ఉంటారు, లేదంటే జట్టు కిందికి, ఓంప్రకాశ్ ఇంటికి.

"నరేశ్‌ను తీసెయ్" అన్నాడు అంజన్న.

"తియ్య. వాడు ఓడిస్తే నేనే పోత" అన్నాడు ఓంప్రకాశ్. నరేశ్ పేరును తన చేత్తోనే బోర్డుకు అంటించి, పరుగున కిటికీ చాటుకు చేరాడు. ఒక్క 'బోలు' చాలు, గెలిచినట్టే.

లచ్చయ్య వచ్చాడు. టక్. చెవి ఆనించాడు. మళ్లీ టక్. "గట్టి" అన్నాడు.

ఓంప్రకాశ్ ఆ రోజు చాయే వద్దన్నాడు. ఇన్నాళ్లూ ఎవరి మాట తప్పని నమ్ముకున్నాడో ఆ మనిషే ఇలా మెచ్చుకుని ముంచాడు. మర్నాడు పొద్దున్నే, ఎలాగైనా బతిమాలి బోలు అనిపించుకుందామని లచ్చయ్య క్వార్టరుకు బయలుదేరాడు. క్వార్టరు గ్రౌండుకు ఆనుకునే ఉంటుంది. దూరం నుంచే ఎవరో గొంతు చించుకుంటున్నట్టు వినిపించింది.

"భూమవ్వా, రొట్టె!"

చూస్తే నరేశ్. గ్రౌండు అవతలి గోలుపోస్టుల మధ్య నిలబడి అరుస్తున్నాడు. ఇవతల వాకిట్లో పొయ్యి ముందు కూర్చున్న భూమవ్వ తల ఎత్తకుండా, "వినపడ్తలేదు బిడ్డా" అంటోంది. పక్కనే అరుణ్, బోలు అనిపించుకున్న మిగతా ఇద్దరూ జొన్నరొట్టెలు తింటున్నారు. మేనేజరును చూసి ముగ్గురూ పళ్లెం పట్టుకునే లేచి నిలబడ్డారు.

"ఇదేంది కాకా?"

"గా పిలగానికి చేతులున్నయి సారు, నోరు లేదు" అన్నాడు లచ్చయ్య. "ఆరేండ్లు సేటు ముందట గొంతు లేపకుంట బతికిండు. గోలు కాసేటోడు ముందటోళ్లను కేకేసి మలుపకపోతే ఎట్ల? గందుకే ఆడికెళ్లి పిలిస్తె ఈడ వినపడాలె, అప్పుడే రొట్టె అన్న. మొదటి దినాలల్ల ఉపాసమే ఉన్నడు."

"మరి అరుణ్?"

"వాళ్లింట్ల నాలుగు మరమగ్గాలు. పుట్టినకాడికెళ్లి గా సప్పుడులనే పండినోడు. నువ్విచ్చిన రూముల సప్పుడు లేక నిద్ర పట్టలే. మా పాత కూలర్ లటలట కొట్టుకుంటది, దాని ముంగట మంచమేసిన."

భూమవ్వ రొట్టె తిప్పుతూ అందుకుంది. "బోలు అన్నోన్నల్లా ఇంటికే పట్టుకొస్తడు సారు. నాలుగు నెలలైంది, జొన్నపిండి పట్టిచ్చి పట్టిచ్చి యాష్టకొచ్చిన."

ఓంప్రకాశ్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. తన సిద్ధాంతం ఎక్కడ బోలో ఇప్పుడు తెలిసింది. "మరి నలుగురిల అట్ల అంటే వాళ్ల ఇజ్జత్ పోదా కాకా?"

"గనిల కప్పు బోలని నేను మెల్లగ చెప్పుకుంటనా? అందరికి వినపడాలె. బోలంటే ఇడిచిపెట్టి పొమ్మని కాదు సారు, కింద దుంగ నిలబెట్టుమని. నేను బోలన్న కప్పు కింద ఒక్కని పానం సుత పోలే." ఆ మాట అనేటప్పుడు లచ్చయ్య గొంతులో గర్వం ఉంది. ఓంప్రకాశ్‌కు ఆ ముసలాయన మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. తనకూ ఒక రొట్టె పెట్టమన్నాడు.

ఆఖరి ఆటకు కాలనీ అంతా గ్రౌండులోనే ఉంది. సంపత్ కొట్టిన ఒక్క గోలుతో జట్టు ముందుంది. చివరి నిమిషంలో అవతలివాళ్లు మూల నుంచి బంతిని ఎత్తి వేశారు. అరుణ్ వీపు వెనక వాళ్ల పొడుగాటి ఆటగాడు ఎవరి కంటా పడకుండా నిలబడి ఉన్నాడు.

"అరుణ్, నీ ఎనక!" అని నరేశ్ వేసిన కేకకు గ్రౌండు దద్దరిల్లింది. జనంలో కూర్చున్న భూమవ్వ అలవాటు కొద్దీ "తెస్తున్న బిడ్డా" అంటూ లేచి నిలబడింది. అరుణ్ తిరిగి అడ్డం పడ్డాడు, బంతి గాల్లోకి లేచింది, నరేశ్ రెండు చేతులతో అందుకుని గుండెకు హత్తుకున్నాడు. అంతే, ఆట అయిపోయింది. డప్పులు అందుకున్నాయి. అంజన్న అందరికంటే ముందు ఉరికొచ్చి ఓంప్రకాశ్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పిల్లలు లచ్చయ్య కర్రను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే, ఆయన దాని వెంట పరుగెత్తాడు.

నాలుగో రోజు బోర్డు మీద కొత్త కాగితం పడింది. మేనేజరుగా ఓంప్రకాశ్‌నే మరో మూడేళ్లు ఉంచుతున్నారు. యాభైమంది కాదు, ఐదొందల మంది వచ్చారు. ఓంప్రకాశ్ ఈసారి కిటికీ చాటున దాక్కోలేదు, చేతులు కట్టుకుని బోర్డు పక్కనే నిలబడ్డాడు. లచ్చయ్య కర్ర ఎత్తాడు. ఓంప్రకాశ్ పేరు మీద టక్కుమని కొట్టి, చాలాసేపు విన్నాడు.

"బోలు" అన్నాడు.

అంజన్న ముఖం వెలవెలబోయింది. ఓంప్రకాశ్ మాత్రం నవ్వు ఆపుకోలేక బోర్డును పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి, స్టీలు పళ్లెం చంకన పెట్టుకుని, క్లబ్బు మేనేజరు అవతలి గోలుపోస్టుల మధ్య నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, "భూమవ్వా, రొట్టె!" అని పిలిచాడు.

"వినపడ్తలేదు సారు" అంది భూమవ్వ.