మిరపకాయలు కడగమన్న పుస్తకం

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రుల కోసం ఈ-పుస్తకాలు రాసే మహానుభావులు ఎదురుపడితే నేను అడగాలనుకున్నది ఒక్కటే. అయ్యా, అమ్మా, మీరు ఎన్నడైనా ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం దిద్దించారా? పోనీ, పిల్లలున్న ఇంట్లో ఒక పూట కూర్చుని చూశారా? వాళ్ళ పుస్తకాలు చదివి, అందులో చెప్పినవి చేసి చూసి, సమీక్షలు రాయడం నా పని. చేస్తున్నాను కాబట్టే చెబుతున్నాను. అవి రాయడానికి పిల్లలూ అక్కర్లేదు, ఇల్లూ అక్కర్లేదు. ఒక ఏసీ గదీ, నాలుగు రంగుల బొమ్మలూ ఉంటే చాలు. పైన పటారం, లోన లొటారం.

నేనేమీ పండితురాలిని కాను. పెళ్ళికి ముందు నరసరావుపేటలో ఒక ప్రైవేటు బళ్ళో చిన్న తరగతులకు చెప్పాను. పెళ్ళయి వినుకొండ దగ్గర పల్లెకు వచ్చాక మిరప, పత్తి, అత్తగారు, వీటితోనే పొద్దు సరిపోయింది. హైదరాబాదులో కొందరు తల్లులు కలిసి నడిపే ఒక వెబ్‌సైటులో ఈ పుస్తకాల గురించి రాసుకుంటుంటారు. అక్కడ ఎవరో తెగ పొగిడిన పుస్తకం ఒకటి చదివి, "బొమ్మలు బాగున్నాయి, మాటలు తీసేస్తే ఇంకా బాగుంటుంది" అని కింద రాశాను. ఆ సైటు చూసుకునే ఆవిడ మర్నాడే ఫోన్ చేసింది. "మీరు మాకు రెగ్యులర్‌గా రివ్యూలు రాస్తారా మేడం? పుస్తకాలు మేమే పంపిస్తాం" అంది. సరేనన్నాను. ఊరికే వస్తాయని కాదు. మా అమ్మాయి కోసం.

మా అమ్మాయిది పుర్రచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం మా అత్తగారు ఎలాగో నేర్పించారు గానీ, బలపం మాత్రం ఎడం చేతిలోకే వెళ్ళేది. నేను పట్టించుకోలేదు. రెండో తరగతిలో దాన్ని టౌన్లో హాస్టలున్న బళ్ళో వేశాం. అక్కడ పట్టించుకున్నారు. ఎడం చేతిలో పెన్సిలు కనబడితే చాలు, స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. దసరా సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు హోంవర్కు చేసుకోమని పెన్సిలిస్తే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఎంత బతిమాలినా తియ్యలేదు. మాట్లాడుతుంది, ఆడుతుంది, పుస్తకమిస్తే గడగడా చదువుతుంది. పెన్సిలు కనబడితే మాత్రం చేతులు తొడల కిందికి పోతాయి. ఆ కణుపుల మీద కమిలిన మచ్చలు చూసిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. సెలవులయ్యాక ఆ బడికి మళ్ళీ పంపలేదు.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నారు మా అత్తగారు. "బడి మానిపించి ఇంట్లో కూర్చోబెడితే చదువొచ్చుద్దా? అయినా పుర్రచేత్తో రాయటమేందమ్మాయ్, మన ఇంటా వంటా ఉందా?"

మా ఆయన కోప్పడే మనిషి కాదు, భయపడే మనిషి. తను పదో తరగతి దాటలేదు. కూతురు అంతకంటే ముందే ఆగిపోతుందేమోనని ఆయన బెంగ. "జూన్‌లో బళ్ళు తెరిచేలోపు అది పెన్సిలు పట్టిందా, నీ ఇష్టం. పట్టలేదా, మళ్ళీ ఆ హాస్టలే. ఇంక నన్నేం అడగొద్దు" అన్నారు.

ఆ మాట మీదే నేను ఈ పుస్తకాలు తెరిచాను. ఏ పేజీలోనో నా కూతురి చేతిని బయటికి రప్పించే ఉపాయం ఉంటుందని వెతికాను. దొరికింది ఇదీ.

మొదటి పుస్తకం రాలిన ఎర్రటి ఆకులు ఏరుకొచ్చి కాగితం మీద అతికించమంది. మా ఊళ్ళో వేప ఆకు రాలుతుంది, అది పసుపు పచ్చగా ఉంటుంది. రెండోది గుడ్ల అట్టపెట్టె తీసుకుని గొంగళిపురుగు చెయ్యమంది. మా కొట్టువాడు గుడ్లు పాత పేపర్లో చుట్టి ఇస్తాడు. మూడోది దూదితో మంచు మనిషిని చెయ్యమంది. ఆ దూది కోసం మందుల షాపుకి వెళ్ళి ఒక ప్యాకెట్ కొనుక్కు రమ్మని బొమ్మ వేసి మరీ చెప్పింది. అప్పటికి మా ముందు గదిలో పత్తి నడుమెత్తున పోసి ఉంది. తలుపు తెరవాలంటే భుజంతో నెట్టాలి. మా అమ్మాయి ఆ పేజీ వంకా, ఆ పత్తి వంకా, నా వంకా చూసి, "అమ్మా, వీళ్ళకి పిచ్చా?" అంది.

కుటుంబ కృత్యాల పుస్తకమని ఇంకోటి. ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ గుండ్రంగా కూర్చుని, ఆ వారంలో తమకు నచ్చిన క్షణాన్ని ఒకరి తరవాత ఒకరు చెప్పుకోవాలట. చేసి చూడకుండా రాయకూడదన్నది నా నియమం కదా, కూర్చోబెట్టాను. మా ఆయన అప్పుడే చేలో పురుగుమందు కొట్టి వచ్చారు. గుండ్రంగా కూర్చోగానే అందరం ముక్కులు మూసుకున్నాం. నచ్చిన క్షణం ఏమిటని అడిగితే, "స్నానానికి పోతే అదే" అన్నారు. మా అత్తగారి వంతు వచ్చింది. "నాకు నచ్చిన క్షణమా? ఈ తిరనాళ్ళ ఆపి ఆ టీవీ పెడితే చెప్తా" అన్నారు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. సమీక్షలో అదే రాశాను, దాంతోపాటు మందు వాసన సంగతి కూడా.

ఎడమచేతి పిల్లల కోసమే రాశామని ఒక పుస్తకం వచ్చినప్పుడు పొయ్యి మీద పాలు వదిలేసి తెరిచాను. రాయడం గురించి అందులో ఉన్నది ఒక్క పేజీ. "మీ బిడ్డ ప్రత్యేకం. ఆ ప్రత్యేకతను వేడుక చేసుకోండి" అని రాసి, కింద ఇంద్రధనుస్సు వేశారు. కాగితం ఎటు వాల్చి పెట్టాలి, రాసింది చెయ్యి తగిలి అలుక్కుపోకుండా ఏం చెయ్యాలి, దెబ్బలు తిన్న పిల్లని ఎలా బుజ్జగించాలి, ఒక్క ముక్క లేదు. వేడుక చేసుకోవాలట! కొబ్బరికాయ కొట్టమంటారా, భోజనాలు పెట్టమంటారా? ఆ పూట నేను రాసిన సమీక్ష చదివి సైటావిడ ఫోన్ చేసింది.

"మేడం, కొంచెం పాజిటివ్‌గా మొదలుపెట్టండి. రచయితలు హర్ట్ అవుతున్నారు. మిగతావాళ్ళు చూడండి, ఎంత చక్కగా రాస్తారో."

మిగతావాళ్ళ సంగతి నాకు తెలుసు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. పుస్తకం తెరవకుండానే "అద్భుతం, ప్రతి తల్లీ చదవాలి" అని రాసి ఐదు స్టార్లూ పెట్టేస్తారు. అయినా ఆవిడ మాట తీసెయ్యలేక, అప్పట్నుంచి సమీక్ష మొదట్లో "అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, సంతోషం" లాంటిది ఒకటి రాసి, తరవాత మొదలుపెట్టేదాన్ని. రాసింది పైకి చదివితే మా అమ్మాయి పక్కన కూర్చుని వినేది. చేతులు తొడల కిందే ఉండేవి. నెలలు గడుస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఆ పుస్తకాల మీద నేను చూపించిన కోపంలో సగం భయమే. జూన్ వస్తోంది, నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

ఈలోగా మిరప కోతలు అయ్యాయి. కాయ కల్లంలో ఎండబోసి ఉండగా, కాలం కాని కాలంలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండుతున్న మిరపకాయకి నీటి చుక్క తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. రంగు పోయి తెల్లగా తాలు తేలుతుంది, సగం ధర కూడా పలకదు. ఇంటిల్లిపాదీ పరిగెత్తాం. మా ఆయన టార్పాలిన్ పట్టాలు లాగుతుంటే, మా అమ్మాయి కూడా ఒక కొస పట్టుకుని పరిగెత్తింది. మూడొంతులు కప్పాం. మిగతాది మా కళ్ళ ముందే తడిసింది. ఆ రాత్రి మా ఆయన కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండానే కొత్త పుస్తకం వచ్చింది. రైతు జీవితాన్ని పిల్లలకు ఆటలతో పరిచయం చేసే పుస్తకమట. అట్ట మీద మిరప చేను బొమ్మ. ఇన్నాళ్ళకి మనల్ని గురించి ఎవరో రాశారని వెర్రిదానిలా సంబరపడ్డాను. వరండాలో మా అత్తగారు ఇంట్లోకి దాచుకున్న ఎండు మిరపకాయలకు ముచ్చికలు తుంచుతున్నారు. మా అమ్మాయి ఆవిడ పక్కన చాప మీద కూర్చుంది. నేను ఫోన్లో చూసి పైకి చదివాను.

"ముందుగా ఎండు మిరపకాయలను గిన్నెడు నీళ్ళలో శుభ్రంగా కడిగి, మళ్ళీ ఎండలో పెట్టండి. ఎర్ర రంగు మరింత మెరుస్తుంది."

మా అమ్మాయి తలెత్తింది. "కడుగుతారా?"

"అట్లాగే రాశారు."

"ఎండినయ్యా?"

"ఎండినవే."

నేను చదువుతూ పోయాను. తరవాత ఆ కాయల్ని చేత్తో విరిచి గింజలు లెక్కపెట్టాలట. ఆ తరవాత పాప కళ్ళు మూసుకుని, ఆ గింజల్ని వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అవి ఏమిటో చెప్పాలట.

"వీళ్ళ మొహాలు మండ!" మా అత్తగారు చేతిలో కాయ కింద పడేశారు. "పిల్ల కళ్ళు పోవూ? చివర్లో చేతులు కడుక్కోమనన్నా రాశారా?"

పేజీ కిందిదాకా చూశాను. "లేదత్తయ్యా. కాయల్నే కడగమన్నారు, చేతుల్ని కడగమనలేదు."

"రాయమ్మాయ్, రాయి. నీ తిట్లన్నీ ఇయ్యాల రాయి. మొహమాటపడమాక."

నాకూ మండిపోతోంది. ఫోన్లో రాయడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ముందు "అట్ట మీద బొమ్మ అందంగా ఉంది" అని రాసి, పైకి చదివాను.

"అమ్మా!" అంది మా అమ్మాయి. అంత గట్టిగా అది అరవగా నేను అంతకుముందు వినలేదు. "నువ్వు సరిగ్గా తిట్టవు. దణ్ణం పెట్టి తిడతావు. నాకియ్యి, నేను రాస్తా. పెన్సిలేది?"

నేను లేవలేదు. లేస్తే ఏమవుతుందోనని భయం. మా అత్తగారే లేచి, మిరపకాయల చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, పెన్సిలూ, ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్లో అయిపోయిన నెల కాగితమూ తెచ్చి చాప మీద పెట్టారు. పెట్టి, అటు తిరిగి కూర్చున్నారు. మా అమ్మాయి తొడ కింద నుంచి ఎడం చెయ్యి వచ్చింది. కాగితాన్ని తనే పక్కకి వాల్చుకుంది. ఒక్కో అక్షరం పెద్దదిగా, వంకరగా, పెన్సిలు ములుకు విరుగుతుందేమో అన్నంత నొక్కి రాసింది. రాసినంతసేపూ నాలుక బయటే ఉంది. రాయడం అయ్యాక కాగితం నా ఒళ్ళోకి విసిరింది.

"కాయలు తడిస్తే తెల్లబడతాయి. మా నాన్న అన్నం తినలేదు. మీకు తెలవదు."

మా ఆయన మధ్యాహ్నం చేలోంచి వచ్చారు. కాగితం ఆయన చేతికిచ్చాను. చదివి, మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఏ చేత్తో రాసింది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు అందుకున్నారు. "ఏ చేత్తో అయితే నీకెందుకురా? తిట్టాల్సినోళ్ళని తిట్టింది. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువు."

ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు. "ఆ రోజు నేను తినలేదని నీకెవరు చెప్పారే?"

"చూశాగా" అంది అది.

ఆయన తలొంచుకుని అన్నం కలుపుకున్నారు. ఒక్క ముద్ద కూడా వదల్లేదు. హాస్టలు మాట ఆ తరవాత ఆయన నోట రాలేదు. జూన్‌లో మా ఊరి సర్కారు బళ్ళో చేర్పించి, ఏ చేత్తో రాస్తే ఆ చేత్తో రాయనివ్వమని పంతులమ్మగారికి ఆయనే స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చారు.

మా అమ్మాయి రాసిన ఆ సమీక్షను ఆ సాయంత్రమే ఒక్క అక్షరం మార్చకుండా సైటుకి పంపాను. స్టారు పెట్టకపోతే తీసుకోదు కాబట్టి ఒక్కటి పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోను.

"ఏంటి మేడం ఇది? మూడే మూడు లైన్లు! వాళ్ళకి ఎలా పంపమంటారు? ఇందులో పాజిటివ్ ఒక్కటన్నా ఉందా చెప్పండి!"

"ఉందండీ" అన్నాను. "పుర్రచేత్తో రాసింది."

"అంటే?"

వరండాలో మా అమ్మాయి ఇంకో నెల కాగితం చింపుకుని, నాయనమ్మ చెబుతున్న తిట్లు రాసుకుంటోంది.

"మీకు తెలవదులెండి" అని ఫోన్ పెట్టేశాను.