చైనా గుడి ముందు బేరిపళ్లు

నైజాం రోజుల్లో మా నాయిన సోమన్న మిలిట్రీ లారీ తోలడానికి రెండో ప్రపంచ లడాయికి పోయిననాడు, మా అవ్వ మైసమ్మ చుట్ట మానేసింది. కొడుకు తను పోయిన దేశంలో దేవుడికి మొక్కి ప్రసాదం తెచ్చేదాకా చుట్ట ముట్టనని ఒట్టు పెట్టుకుంది. దాంతో కష్టపడింది అవ్వ కాదు, కేతేపల్లిలో మా వాడంతా. పొద్దున లేస్తే ఎవరో ఒకరితో ఆమెకు కయ్యమే. సోమన్న జల్ది రావాలని వాడంతా మొక్కింది, నాయిన మీద ప్రేమతో మాత్రం కాదు.

నాయిన లారీ బర్మా కొండలు దాటి చైనాలో కున్‌మింగ్ పట్నం చేరింది. కరెంటు దీపాలు, సినిమా హాళ్లు, వాటి నడుమ ఎప్పటిదో పాత గుడి. సెలవు దొరికిన రోజు నాయిన కొబ్బరికాయ కోసం బజారంతా తిరిగి, దొరక్క గంపెడు బేరిపళ్లు కొన్నాడు. బూట్లు విప్పి గడప బయట నిలబడ్డాడు. ఊరి గుడి దగ్గర మా వాడవాళ్లు అక్కడే ఆగాలి. లోపలి మనిషి వచ్చి కాయ తీసుకుపోతాడు, ప్రసాదం ఎత్తు నుంచి దోసిట్లోకి జారవిడుస్తాడు. చైనాలోనూ అంతే అనుకున్నాడు ఆ అమాయకుడు.

లోపలి నుంచి ఎవరూ రాలేదు. దారినపోయే ఆడమనిషి ఒకావిడ పండు నొక్కి చూసి, వేళ్లతో బేరమాడి, లడాయితో విలువ పడిపోయిన నోట్ల కట్ట చేతిలో కుక్కి ఒడినిండా పళ్లు పట్టుకుపోయింది. ఆమె వెనక ఇంకొకరు. వద్దని చెబుదామంటే భాష రాదు. గంప ఖాళీ అవుతుంటే నాయినకు ఏడుపొచ్చింది. అప్పుడు గడ్డం పూజారి ఒకాయన, గుమ్మంలో ఈ అంగడేమిటన్నట్టు చేతులు ఊపుతూ వచ్చాడు.

"నేను అమ్మెటోన్ని కాదు సామీ. దూరంగనే ఉంట. జర గిది దేవునికియ్యి" అని మిగిలిన పండు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి దండం పెట్టాడు నాయిన.

ముసలాయనకు మాట తెలియలేదు, దండం తెలిసింది. పండు తీసి నాయిన చేతిలోనే పెట్టి, మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. దేవుడి ముందు నిలబెట్టి, చాయ్ తాగించి, ధూపం బూడిద పొట్లం కట్టి ఇచ్చాడు. వీధికి అవతల బుద్ధుడి గుడి ఉంది. అందులోకి నాయిన ఎవరూ చెయ్యి పట్టకుండానే పోయాడు.

నాయిన ఇల్లు చేరగానే వాడవాళ్లే చుట్ట, అగ్గిపెట్టె తెచ్చి పెట్టారు. అవ్వ వాటివైపు చూడలేదు, పొట్లమూ విప్పలేదు.

"ప్రసాదం గింత పైకెల్లి ఏసిండా?" అని చెయ్యి ఎత్తి చూపింది.

"లేదమ్మా, చేతులనే పెట్టిండు."

"నిన్ను ముట్టుకున్నడా?"

"చెయ్యి పట్టి లోపలికి తీస్కపోయిండు."

"కులం అడగలేదా?"

"అడిగిండేమో. నాకు సమజ్ కాలే."

అవ్వ ఆ చెయ్యి ఒళ్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ఏడవడం నాయిన అంతకుముందు చూడలేదు.

"మరి గీడ మనూరోళ్లకేమైంది బిడ్డా?" అంది.