పెరట్టు పిలిచినవాడి మనవరాలు

2023లో మలేషియాలోని క్లాంగ్‌లో ఒక చీరల షాపు మీది గదిలో నా పని సాగేది. ఇరవై ఏళ్ళు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పి, ముందుగానే రిటైరై, పై చదువులకు అప్లై చేసేవాళ్ళకు పర్సనల్ స్టేట్‌మెంట్ రాయడంలో సాయం చేస్తున్నాను. మార్కులూ సర్టిఫికెట్లూ కాకుండా, నేనెవరిని, ఈ చదువు నాకెందుకు అని అప్లై చేసే మనిషి ఒక పేజీలో చెప్పుకునే కాగితమది. ఒక్క పేజీయే. కానీ దాని ముందు కూర్చుంటే ఇంజనీర్లకు కూడా చెమటలు పడతాయి.

నాకు కాలు ఒకచోట నిలవదు. వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతుంటాను. వాళ్ళు ఆగితే చాలు, ఆ ఖాళీని నేనే మాటలతో నింపేస్తాను. అలా నింపడమే నా పనితనం అనుకునేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం రేణుక వచ్చింది. ముప్పై దాటిన మనిషి, పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోడౌన్‌లో సేఫ్టీ ఆఫీసరు. పనిచేసే చోట ప్రమాదాలు జరక్కుండా చూడడమెలాగో నేర్పే మాస్టర్స్ కోర్సుకు అప్లై చేస్తోంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. చదువుకు సెలవిస్తామని కంపెనీ ఆ ఒక్క ఏడాదికే ఒప్పుకుంది. ఈసారి తప్పితే మళ్ళీ అడిగే దారి లేదు.

ఆమె తెచ్చిన డ్రాఫ్ట్ చదివాను. ప్రతి వాక్యమూ ‘మా కంపెనీ’తో మొదలైంది. పేజీ మొత్తంలో ‘నేను’ అన్న మాట ఎక్కడా లేదు.

“ఈ చదువు నీకెందుకమ్మా?” అన్నాను.

“సేఫ్టీ అంటే ఇష్టం అక్కా.”

“ఎందుకిష్టం?”

ఆమె కుర్చీ అంచున కూర్చుని కాలు ఊపుతూ ఫోను తిప్పుతోంది. ఆ మౌనం పావు నిమిషం కూడా ఉండి ఉండదు, నేనే ఓర్చుకోలేకపోయాను. ఆమెకు మా అమ్మమ్మనిచ్చేశాను.

అదేమిటో చెప్పాలి. మా అమ్మమ్మ పేరాక్ రాష్ట్రంలో రబ్బరు ఎస్టేట్ కూలి. తెల్లారకముందే నుదుటికి దీపం కట్టుకుని రబ్బరు పాల కోసం చెట్లు గీసేది. ఏం రాయాలో తోచనివాళ్ళకు ఆమె కథతో స్టేట్‌మెంట్ మొదలుపెట్టించేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలం కదా, అలాంటి ముసలమ్మ ఎవరింట్లో లేదు అనుకున్నాను. అప్పటికి పదకొండు మందికి అలా ఇచ్చాను. ఒక్కరూ వద్దనలేదు.

రేణుక కూడా నేను రాసిచ్చిన కాగితం తీసుకుని తలూపి వెళ్ళింది. గురువారం మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వచ్చి దాన్ని నా బల్ల మీద పెట్టేసింది.

“ఈ ముసల్ది మాది కాదక్కా.”

“నాయనమ్మ అని మార్చుకో. చెట్లు గీసిందెవరైతే ఏమిటి?”

“మాయింట్లో ఎవులూ సెట్టు గీయనేదు లా,” అంది, మలేషియా వాళ్ళ అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి. “మా తాత ఎస్టేట్ కిరాణి.”

నా నడక ఆగిపోయింది. కిరాణి అంటే ఎస్టేట్ ఆఫీసు గుమాస్తా. తెల్లవారుజామున కూలీలను వరసలో నిలబెట్టి పేర్లు పిలవడాన్ని పెరట్టు అనేవారు. ఆ పిలిచేది కిరాణీయే. పిలిచినప్పుడు పలకనివాళ్ళకు ఆరోజు పని లేదు. చంటిపిల్లకు జ్వరమని కాస్త ఆలస్యంగా వెళితే తనను వెనక్కి పంపేశారని మా అమ్మమ్మ చచ్చేదాకా చెప్పుకుంది.

నోరు జారాను. “మాయమ్మమ్మని ఎనక్కి పంపినోడు మీ తాతలాంటోడే,” అన్నాను. ఇంగ్లిష్ టీచర్‌నన్న సంగతి మరిచిపోతే నాకూ ఇంటి మాటే వస్తుంది. అలా అనడం అన్యాయమని అంటున్నప్పుడే తెలుసు. తాత ఉద్యోగానికి ఈ పిల్లేం చేస్తుంది? అయినా అన్నాను.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“నానూ అదే పని సేస్తన్నాను అక్కా,” అంది.

అప్పుడు చెప్పింది. గోడౌన్‌లో రోజూ షిఫ్టుకు ముందు ఐదు నిమిషాలు టూల్‌బాక్స్ బ్రీఫింగ్ ఉంటుంది. ఈరోజు ఎక్కడ ఏ ప్రమాదముందో వర్కర్లకు చెప్పి, విన్నామని వాళ్ళ చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ చెప్పేది రేణుక, చెప్పేది మలయ్‌లో. వర్కర్లలో నేపాల్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు మలయ్ రాదు. బయట లారీలు ఆగి ఉంటాయి, మేనేజర్ గడియారం చూస్తుంటాడు. ఆమె గబగబా చదివేసి సంతకాలకు కాగితం తిప్పేది.

“దిల్ బహదూర్ అని ఒకడు. వచ్చి పదిరోజులు కానేదు. ఫోర్క్‌లిఫ్ట్ ఎనక్కొస్తంటే దాని ఎనకే నిలబడినాడు. కాలు నలిగిపోనాది. ఎంక్వయిరీలో నా కాయితమే సూపించినారు. ఆడి సంతకం ఉంది కదా, సెప్పినాం కదా అన్నారు. ఆడ్ని ఊరికి పంపేసినారు. ఆ కాయితం ఆడి సేతికి ఇచ్చింది నానే.”

నా అనుభవమంతా అది రాయొద్దనే చెప్పింది. సీటిచ్చేవాళ్ళు భయపడతారు. పైగా ఆమెకు రెఫరీ, అంటే ఈమె యోగ్యురాలని లేఖ ఇచ్చే పెద్దమనిషి, ఆ మేనేజరే. ఇదంతా ఆమెకు చెప్పాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు రెండుసార్లు చెప్పాను.

“అయితే ఏటి రాయమంటావు?” అంది రేణుక. “మీ ముసల్దాన్నా?”

నాకు సిగ్గేసింది. తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాను.

ఆమె అక్కడే కూర్చుని రాసింది. ఆ మూడు గంటలూ నాకు నరకం. ఆమె కలం ఆగినప్పుడల్లా నా నాలుక దురద పెట్టేది. నోరు మూసుకోవడానికి మూడుసార్లు కిందికి దిగి టీ తెచ్చాను. ఎవరూ తాగలేదు. ఆమె కంపెనీని ఒక్క మాటా అనలేదు. నేను చదివాను, నేను కాగితం ఇచ్చాను, అర్థమైందా అని నేను అడగలేదు అని రాసుకుంది. శుక్రవారం స్పెల్లింగులు దిద్ది, పేజీ దాటిన నాలుగు వాక్యాలు తీయించాను. నాలుగున్నరకు పంపింది. ఆ తర్వాతి ఆరు వారాలు, ఆ పిల్ల బతుకు పాడుచేశానేమోనని నాకు నిద్ర సరిగా లేదు.

ఇంటర్వ్యూకి పిలిచారు. “సంతకం ఆయనదే కదా, తప్పు మీదెలా అవుతుంది?” అని ఒక ప్రొఫెసర్ అడిగారట. “సంతకం ఆయనది. అర్థమైందో లేదో చూడాల్సిన పని నాది. అది ఎలా చూడాలో నాకు రాదు, అందుకే వచ్చాను,” అని చెప్పిందట. సీటొచ్చింది.

ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు కూడా ఆమె కుదురుగా కూర్చోలేదు.

“ఇప్పుడు సంతకానికి ముందు, ఏటి అర్థమయిందో మీరే సేసి సూపించండి అంటన్నాను అక్కా. ఇంకో పది నిమిషాలు పడతంది. మేనేజర్‌కి కోపం లా. పడనీ.”

ఆమె వెళ్ళాక ఆ పదకొండు మంది ఫైళ్ళు తీశాను. ఒక్కొక్కరూ నేను చెప్పిన మాటల కింద తమ పేరు పెట్టి పంపేశారు. వద్దనలేదు కాబట్టి వాళ్ళకు నచ్చిందనుకున్నాను. ఇది నీదేనా అని వాళ్ళలో ఒక్కరినీ నేను అడగలేదు.