మెల్లటి ప్రోటోకాల్

మా మరిది ఎవరి మాటకూ అడ్డం వచ్చేవాడు కాదు. ఎదుటివాళ్లు తడబడితే తల వంచుకుని ఆగేవాడు.

తూంకుంటలో మా మిద్దె మీద ఏరియల్ కట్టి, కంప్యూటర్‌లో రాసింది రేడియో మీద పంపే మోడెం పెట్టి, మేడ్చల్‌లో ఒకరు, శామీర్‌పేటలో ఒకరు, ఇద్దరు స్నేహితులతో రాతల్లోనే ముచ్చట్లు పెట్టేవాడు. శామీర్‌పేటాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక్క వేలితో రాసేవాడు. ఆ రాతే ఆయన నోరు.

ఒకనాడు మేడ్చలాయన మా ఇంటికొచ్చి, కొత్త ప్రోటోకాల్, అంటే మోడెంలు రాతలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి, పెడదామన్నాడు. అది మస్తు వేగమట గానీ, అవతలివాళ్లు కాస్త ఆలస్యం చేస్తే లైను తెంపేస్తుందట.

"పాతది ఎడ్లబండి లెక్కున్నదిరా. ఎంతసేపని సూస్తం?"

"ఆయన్ని గూడ అడుగుదాంరా. ఏమంటడో సూద్దాం," అని మరిది శామీర్‌పేటకు ఆ సంగతి రాశాడు.

జవాబు తెర మీద ఒక్కొక్క అక్షరమే వచ్చింది. నేను చాయ్ పెట్టి తెచ్చేసరికి పూర్తయింది: "నా కోసం ఆగకుండ్రి. కొత్తదే పెట్టుకోండ్రి."

మేడ్చలాయన చాయ్ ముట్టలేదు. "పాతదే ఉండనీయ్‌రా," అన్నాడు.

మరిది కాలం చేసిన నాడు ఆ కబురు శామీర్‌పేటకు రాసింది మేడ్చలాయనే. జవాబు పూర్తిగా వచ్చేదాకా మా మోడెం ముందు నుంచి లేవలేదు.