అంకెల్ని నమ్మని మా బావ

మా బావ ఏ అంకెనీ ఒక్కసారికి నమ్మడు. నూనె ఫ్యాక్టరీలో మీటర్లన్నీ చూసుకునే ఇంజనీరు ఆయన. ఆయన కింద రీడింగులు రాసుకొచ్చే అభాగ్యుణ్ణి నేను. అక్కనిచ్చిన పాపానికి దొరికిన ఉద్యోగం.

"ప్రెషర్ ఎంతుందిరా?"

"ఆరు, బావా."

"మళ్ళీ చూడు."

ఈసురోమంటూ మళ్ళీ మెట్లెక్కేవాణ్ణి. "ఆరే బావా."

"ముల్లుకి ఎదురుగా నిలబడి చూశావా, పక్కనించి తొంగి చూశావా?"

మళ్ళీ మెట్లు. నా మోకాళ్ళకి నోరుంటే ఆయన్ని ఉతికి ఆరేసేవి.

ఇంట్లోనూ ఇదే గోల. అక్కకి జ్వరమొస్తే మూడు థర్మామీటర్లు తెచ్చాడు. మూడూ మూడు మాటలు చెప్పాయి. ఏది నిజమో తేల్చాలని గోరువెచ్చటి నీళ్ళలో వాటిని ముంచుకుంటూ కూర్చున్నాడు. ఆయన తేల్చేసరికి జ్వరం తగ్గి, అక్క లేచి వంట మొదలుపెట్టేసింది. "ఇప్పుడు నోరు తెరువు" అంటూ వెళ్ళాడు. అక్క గరిటె ఎత్తింది.

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీలో ఓ తగువు వచ్చిపడింది. ట్యాంకు దగ్గరి మీటరు ప్రకారం బయల్దేరిన నూనె ఎక్కువ, శుద్ధి చేసే షెడ్డులో తూస్తే చేరేది తక్కువ. మధ్యలో ఉన్నది వాల్వులు తిప్పే ఆవిడ ఒక్కతే.

"ఆవిడే ఎక్కడో ఒలకబోస్తోంది. పనిలోంచి తీసేస్తున్నా" అన్నాడు మేనేజరు.

"నేనేం చెయ్యలేదు సార్" అందావిడ, గుమ్మం దగ్గరే నిలబడి.

"ఆగండి. మళ్ళీ చూద్దాం" అన్నాడు బావ.

"ఏం చూస్తారండీ? మీటరు కొత్తది!"

"కొత్తదైతే మాత్రం?"

ఇంక నా పాట్లు మొదలు. మీటరు దాటిన నూనె డ్రమ్ముల్లోకి పట్టడం, తూచి మీటరు అంకెతో పోల్చడం, ట్యాంకులో పొయ్యడం, మళ్ళీ పట్టడం. ఒళ్ళంతా జిడ్డు. అద్దంలో చూసుకుంటే వేయించడానికి సిద్ధంగా ఉన్నట్టున్నాను.

"చూశావా? మామూలు పొరపాటైతే ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ చూపిస్తుంది. ఇదెప్పుడూ ఎక్కువే చూపిస్తోంది" అన్నాడు బావ. పైపు పట్టుకుని నడిచాడు. మీటరు సరిగ్గా పైపు వంపు పక్కనే బిగించి ఉంది. అక్కడ నూనె సుడి తిరుగుతోంది, మీటరు లెక్క తప్పుతోంది. దాన్ని పైపు తిన్నగా ఉన్న చోటికి మార్చాం. రెండు లెక్కలూ కలిశాయి. నేను నేలమీద చతికిలబడ్డాను.

"ఆవిడ మంచిదని మొదటిరోజే చెప్పేస్తే నా నడుం మిగిలేదిగా బావా!"

"నేను చెబితే అది నా మాటేరా. రేపు ఇంకొకడు ఇంకోలా చెబుతాడు. అంకే తప్పని తేలితే ఆవిణ్ణి ఎవడేమంటాడు? లెక్క తేడా వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు తిట్లు తింటారు. అందుకే నా చాదస్తం."

ఈలోగా మేనేజరు వచ్చాడు. వాల్వుల ఆవిడ వైపు చూడలేక మీటరు మీద పడ్డాడు. "అంతా ఈ దరిద్రపు దానివల్లే. తీసి పారేయండి!"

బావ జేబురుమాలు తీసి మీటరు అద్దం తుడిచాడు.

"దాన్నేమీ అనకండి సార్. వంపులో బిగించింది మనం. పాపం, కళ్ళు తిరుగుతున్నా దానికి తోచింది అది చెప్పింది."

వాల్వుల ఆవిడ ఫక్కున నవ్వేసింది.