వేలికే మిగిలిన కుంకుమ

హవాయి నేషనల్ పార్కులో అగ్నిపర్వతం చూడటానికి వెళ్లాను. కింద బిలంలో లావా ఎర్రగా పొంగుతోంది. "అగ్నిదేవా" అంటూ దణ్ణం పెట్టుకుంటుంటే, రెయిలింగ్ దగ్గర ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి, "తెలుగువాళ్లా ఆంటీ?" అని పలకరించింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఉండేది డబ్లిన్‌లోనట.

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలైనా పూజలైనా అమ్మ ఇంట్లో నేర్పినవే. ఎదుట అగ్ని, పక్కన ఆడకూతురు. అలవాటు కొద్దీ సంచిలోంచి భరిణె తీసి, "బొట్టు పెట్టనా తల్లీ?" అన్నాను. జీన్స్ వేసుకునే పిల్లలు చాలామంది బొట్టు పెట్టుకోరు కదా, ఖాళీ నుదురు చూసినా నాకేమీ తట్టలేదు.

ఆమె వెనక్కి జరిగింది. "మావారు పోయి నాలుగు నెలలైంది ఆంటీ. ఈ ట్రిప్ తనే బుక్ చేశాడు. క్యాన్సిల్ చేయబుద్ధి కాలేదు."

భరిణె సంచిలో పెట్టేయబోయాను. తనే మళ్లీ దగ్గరికొచ్చింది.

"పెట్టండి ఆంటీ. ఆ రోజు బొట్టు తీసేశాక మళ్లీ నన్నెవరూ అడగలేదు."

కళ్లు మూసుకుంది. నేను వేలు కుంకుమలో అద్దాను. తప్పేమోనన్న భయంతో చెయ్యి పైకి లేవలేదు. ఆమె కళ్లు తెరిచి నా ముఖం చూసింది. భరిణె మూత తనే పెట్టేసింది.

"పర్లేదు ఆంటీ. అడిగారు కదా, థాంక్స్."

దేవుడు ఇచ్చిన ప్రతిదానికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆమె థాంక్స్‌కి మాత్రం తల దించుకున్నాను. తను వెళ్లిపోయాక చూసుకుంటే, కుంకుమ నా వేలికే ఉంది.